గష్షో-జుకురి: జపాను కొండసీమలోని గడ్డికప్పు కర్షకగృహములు

జపాను దేశమందలి హోన్షూ ద్వీపపు నడిమి కొండలలో, హకుసాన్ పర్వతమునకు తూర్పుగా ఉత్తరదిశకు ప్రవహించు షో నది లోయయందు, శీతకాలమున రెండు మూడు మీటర్ల మంచు పేరుకొని నెలల తరబడి కరగక నిలుచు పల్లెలలో, రైతుకుటుంబములు తరతరములుగా కట్టుకొని కాపురమున్న ఎత్తైన గడ్డియిండ్లకు గష్షో-జుకురి యని పేరు. కప్పు యొక్క రెండు వాలులును అంజలి ఘటించిన చేతులవలె నిటారుగా లేచి కొప్పుకడ కలిసికొనుటచే ఈ పేరు వచ్చినది. గిఫు మండలములోని షిరకావా గ్రామమునకు చెందిన ఓగిమాచి, తొయామా మండలములోని గోకయామ సీమకు చెందిన ఐనోకురా, సుగనుమా అను మూడు పల్లెలు నేడు ఈ యిండ్లకు ప్రధానస్థానములు; 1995 డిసెంబరులో ఇవి మూడును కలిపి యునెస్కో వారి ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చబడినవి.

రాతి దేవళమును కాపాడుట యనగా ఉన్న రాయిని ఉన్నచోట నిలుపుట. గడ్డియింటిని కాపాడుట యనగా శిథిలమైన కప్పును ఊడదీసి క్రొత్తగడ్డితో మరల నేయుచుండుట. ఏబది యఱువది యేండ్లు గడిచిన తరువాత ఒక యింటి కప్పుమీద మునుపటి గడ్డిపోచ యొకటియు మిగులదు. మిగులునవి దాని ఆకారము, దానిని నేయు పనితనము, ఆ పనికై ఊరందఱిని ఒకచోట చేర్చు కట్టుబాటు. అందుచే ఈ యిండ్ల చరిత్రలో వాస్తువును, జీవనోపాధిని, గ్రామధర్మమును వేరుచేసి చూచుటకు వీలులేదు. వీనిని రక్షింపబూనిన చట్టము సైతము ఈ సంగతిని ఒక్కొక్క మెట్టుగా గ్రహింపవలసివచ్చినది.

దేశస్థితి, కుటుంబవ్యవస్థ

షో నది లోయ నలువైపుల అడవికొండలతో మూయబడి, శీతకాలమున బయటిప్రపంచముతో సంబంధము తెగిపోవునంతటి ఏకాంతసీమ. సాగుకు అనువైన నేల మిక్కిలి స్వల్పమగుటచే, పూర్వకాలమున ఇచటివారు కొండచరియలమీది పొదలను తగులబెట్టి పోడుసేద్యముచేసి చిరుధాన్యములు పండించుకొనుచు, పట్టుపురుగుల పెంపకము, చేతికాగితపు తయారీ, సురేకార సంపాదనము అను మూడు వృత్తులచే పన్నులు చెల్లించి ప్రాణములు నిలుపుకొనిరి. ఎడో యుగమున (1603–1868) గోకయామ సీమ కాగా ప్రభువుల ఏలుబడిలో నుండగా, షిరకావా చేరియున్న హీదా దేశము 1692 నుండి తొకుగావా షోగునుల ప్రత్యక్షపాలనమునకు లోబడియుండెను. రెండుసీమల ప్రజలును సుఖావతీ సంప్రదాయమునకు చెందిన బౌద్ధులు. ఓగిమాచిలోని మ్యోజెంజి యను విహారమునందు ప్రధానమందిరము, వసతిగృహము, ఘంటాద్వారము కూడ గడ్డికప్పుతోనే కట్టబడియుండుట గమనింపదగినది.

లోయ ఎగువభాగమున పొలమును పంచుకొన్నచో ఎవరికిని చాలదను భయముచేత, జ్యేష్ఠపుత్రుడు మాత్రమే భార్యను ఇంటికి తెచ్చుకొని గృహపతియగుటయు, తక్కిన కుమారులు పుట్టినింటనే పనిచేయుచు రాత్రివేళల తమ భార్యల యిండ్లకు పోయివచ్చుటయు, వారికి కలిగిన బిడ్డలు తల్లి పుట్టింటనే పెరుగుటయు ఆచారముగా నుండెను. ఇట్లు ఇరువదిమంది మొదలు నలువదిమంది వఱకును ఒక్క కప్పుక్రింద బ్రతికిన కుటుంబములుండెడివి. పట్టుపురుగుల పనికి అనేకహస్తములు కావలెను. అనేకులకు పెద్దయిల్లు కావలెను. పెద్దయింటి పైభాగమంతయు పురుగులకు నెలవు కాగలదు. ఈ మూడు అవసరముల కలయికనుండి, 17వ శతాబ్ది చివరను 18వ శతాబ్దిలోను పట్టుపరిశ్రమ పెరిగినకొలది, సామాన్యమైన కొండయిల్లు మూడునాలుగంతస్తుల మహాగృహముగా పరిణమించినది.

ఇంటి చట్రము

గష్షో గృహమునందు ఒకదానిపై నొకటి కూర్చున్న రెండు వేర్వేరు కట్టడములు కలవు. క్రిందిది కుటుంబము నివసించు భాగము. దీనిని వృత్తివడ్రంగులు స్తంభములు, దూలములు చిత్రికపట్టి, కూసములను బెజ్జములలో దిగవేసి నిర్మింతురు. పైదియగు కప్పును గ్రామస్థులే అడవినుండి తెచ్చిన దుంగలతో, త్రాళ్లతో స్వయముగా లేవనెత్తుదురు. నేర్పరియైన వడ్రంగి పని ఎచట ముగియునో ఊరివారి ఉమ్మడిపని అచట మొదలగును.

క్రిందిచట్రములో ప్రత్యేకముగా చూడదగినవి వంపుదూలములు. ఏటవాలు నేలపై మొలచిన చెట్టు లేతప్రాయమునుండి మంచుబరువునకు మొదట వంగి, పిదప నిట్టనిలువుగా పెరుగును. మైదానపు వడ్రంగి పనికిరాదని విడిచిపెట్టు ఈ వంకర మ్రానును ఇచటివారు కోరి ఏరి తెచ్చి, దాని వంపుకొన వెలుపలి స్తంభముమీదికి దిగునట్లు అమర్చి, నడిమి స్తంభముల నెత్తు తగ్గింపకయే ఇంటి వెడల్పును పెంచుకొనిరి. మంచు వంచిన కొయ్యయే మంచుభారమును మోయుటకు నియుక్తమైనది.

ఈ చట్రముపై అడ్డదూలములు పఱచి, వాని రెండుకొనలయందును గుంటలు తొలిచి, వాసముల మొదళ్లను సన్నముగా చెక్కి ఆ గుంటలలో నిలుపుదురు. ఎదురెదురు వాసములు రెండు పైన కలిసి, క్రింది అడ్డదూలముతో కూడి త్రిభుజమగును. అట్టి త్రిభుజములు వరుసగా నిలిచినచో ఇంటి కప్పు ఏర్పడును. వాసపుమొదలు గుంటలో ఆనియుండునే గాని బిగింపబడదు. గాలి తాకిడికిని, ఒకవైపు మంచు జారి ఒకవైపు నిలిచినపుడు కలుగు అసమభారమునకును కప్పు కొలదిగా కదలి, సర్దుకొని, మరల నిలువద్రొక్కుకొనును. కప్పుభాగమునందు ఇనుపమేకు వాడుక లేదు. మన్సాకు అను కొండపొద యొక్క లేతకొమ్మలను పచ్చిగానున్నపుడే నలగగొట్టి, మెలిపెట్టి, వాసములకును అడ్డుకఱ్ఱలకును చుట్టి ముడివేయుదురు. ఆరినకొలది ఈ కట్టు బిగిసి ఇనుపపట్టీవలె నగును. తక్కినచోట్ల గడ్డిత్రాళ్లు చాలును. వాసముల లోపలితట్టున ఏటవాలుగా కట్టిన కఱ్ఱలు గాలిపోటునకు ఇల్లు ప్రక్కకు ఒరుగకుండ కాపాడును.

కప్పు వాలు సాధారణముగా అఱువది డిగ్రీల దాపున నుండుటచే మంచు చాలవఱకు తనంతట జాఱును, వాననీరు లోనికి ఇంకకమునుపే చూరునుండి కారిపోవును. ఓగిమాచిలో ఇండ్లు ఒకే దిక్కున నిలిచియుండుట చూపరులకు మొదట కనుపట్టు విశేషము. త్రికోణాకృతిగల ప్రక్కగోడలు ఉత్తర దక్షిణములకును, గడ్డివాలులు తూర్పు పడమరలకును తిరిగియుండును. లోయ వెంబడి వీచు గాలికి ఇల్లు తన యిఱుకుముఖమునే ఎదురొడ్డుటచే తాకిడి తగ్గును, రెండు వాలులకును పూటకొకటిగా ఎండ తగులుటచే తడిసిన గడ్డి త్వరగా ఆఱును. షిరకావాలో ప్రవేశద్వారము సామాన్యముగా చూరువైపున నుండును. గోకయామలో త్రికోణముఖమువైపున ద్వారముంచి, దానిమీద చిన్న గడ్డిచూరు చుట్టుదింపుట వాడుక. రెండుసీమల యిండ్లను గుర్తించుటకు ఇది తేలికయైన ఆనవాలు.

1935లో ఈ లోయకు వచ్చిన జర్మను వాస్తుశిల్పి బ్రూనో టౌట్, జపాను గృహములలో ఇంతటి తర్కబద్ధమైన నిర్మాణము అరుదని తలచి, వీనిని కొనియాడుచు వ్రాసెను. అంతకుముందే, 1922లో, పరిశోధకుడగు కోన్ వాజిరో జపాను పల్లెయిండ్లనుగూర్చి తాను తిరిగి చూచి గీసికొన్న వివరములను గ్రంథముగా వెలువరించియుండెను. దేవళములు, కోటలు తప్ప తక్కినవి వాస్తుకళ క్రిందికి రావను భావము విద్వాంసులలో సడలుటకు ఇట్టి రచనలు తోడ్పడినవి.

గడ్డి, నేత

కప్పునకు వాడు గడ్డి ముఖ్యముగా రెండుజాతులు. కరియాసు అనునది సన్నని కాడ కలిగి, నీటిని త్వరగా జార్చి, ఎక్కువకాలము మన్నును; సుసుకి అనునది లావుపాటిది, సులభముగా దొరకునది. ఈ రెండును మన రెల్లుగడ్డికి దగ్గఱిచుట్టములు. మంచు పడుటకు ముందు, శరత్కాలము చివర, ఆకు ఎండి కాడ గట్టిపడిన తరువాత దీనిని కోసి, కట్టలుకట్టి, నిలువుగా కుప్పవేసి, ఆరిన పిమ్మట అటకలమీద దాచుదురు. ఒక పెద్దయింటికి కావలసిన గడ్డి ఒక్కయేట లభింపదు. ఇల్లు నేయదలచిన గృహస్థు కొన్నియేండ్లు ముందుగానే కూడబెట్టుకొనవలెను. ప్రతియేటను కోతపడకున్నచో గడ్డిబీడులో పొదలు మొలచి అడవియగును. కనుక కప్పుగల యిల్లు ఎంత అవసరమో, కోతగల బీడు అంత అవసరము.

నేత చూరునుండి మొదలై కొప్పువఱకు సాగును. క్రిందివరుస గడ్డిని పఱచి, దానిపై అడ్డముగా సన్నని కఱ్ఱనుంచి, లోపలి పెండెతో కలిపి త్రాటితో బిగింపవలెను. గడ్డిదళసరి అరమీటరునకు మించియుండుటచే చేయి లోనికి పోదు. అందుచే పైనున్నవాడు త్రాడు గ్రుచ్చిన పొడవాటి కొయ్యసూదిని గడ్డిగుండా లోనికి దిగగ్రుచ్చును; కప్పులోపల చీకటిలో, ధూళిలో నిలిచిన మఱియొకడు సూదికొనను పట్టుకొని, త్రాటిని వాసమునకో పెండెకో చుట్టి, మరల సూదిని వెలుపలికి పంపును. ఒకరినొకరు చూడజాలని ఈ యిరువురును కేకలతోడనే చోటు చెప్పుకొనుచు వరుస తప్పక సాగుదురు; లోపలివాడు ఒక్క వ్రేలెడు ప్రక్కకు చుట్టినను పైవాని వరుస వదులగును. అందుచే లోపలిపనికి అనుభవజ్ఞులైన పెద్దలను నియమించుట కలదు. కప్పు ముగిసిన పిదప పెద్దకత్తెరలతో చూరును సమముగా కత్తిరింతురు. ఊడదీసిన పాతగడ్డి, ఎన్నోయేండ్ల పొగమసి పట్టినది, పొలములకు ఎరువుగా పోవును.

పొయ్యి, అటకలు, వృత్తులు

క్రిందియంతస్తు నడుమ, నేలలో చతురస్రముగా దింపిన ఇరోరి యను పొయ్యి ఇంటికి ప్రాణము. వంట, వెచ్చదనము, వెలుగు, అతిథిగోష్ఠి సర్వమును దానిచుట్టునే. పైన త్రాళ్లతో వ్రేలాడదీసిన వెడల్పాటి కొయ్యపలక నిప్పురవ్వలు కప్పువఱకు ఎగయకుండ అడ్డుకొని, వేడిని నాలుగుమూలలకు మరలించును. పొయ్యికి పొగగొట్టము లేదు. అటకల నేలను పలకలతో మూయక వెదురుబద్దలతో సందులు విడిచి పఱచుటచే, పొగ అంతస్తు తరువాత అంతస్తుగా ప్రాకి, గడ్డిలోనుండి మెల్లగా వెలికిపోవును. పోవుచు పోవుచు అది గడ్డిని, కొయ్యను, త్రాళ్లను ఆరబెట్టి, మసిపూత పూసి, పురుగును బూజును దరిజేరనీయదు. పొయ్యి నిత్యము మండిన కాలమున కప్పు ఏబది అఱువది యేండ్లు మన్నుట దీని ఫలమే.

ఆ వేడియే పై అటకలలో పట్టుపురుగులకును ఆధారము. ప్రక్కగోడల కిటికీలు వెలుతురును గాలిని ఇచ్చును. చల్లనివేళ వానిని మూసి, పొయ్యివేడిని నిలుపుకొందురు. రెండవ మూడవ యంతస్తులలో పురుగుల తట్టలు అరలరలుగా నిలుపబడెడివి. ఆకుకోత మొదలు కాయలు దింపువఱకు ఇంటివారందఱకును నిద్ర తక్కువ.

ఇంటి నేలక్రింద సాగిన పరిశ్రమ ఇంకను చిత్రమైనది. పొయ్యికి దాపున గోతులు త్రవ్వి, వానిలో మట్టిని, మాచిపత్రి వంటి అడవియాకులను, పట్టుపురుగుల పెంటను పొరలుపొరలుగా నింపి, అప్పుడప్పుడు తిరుగబోయుచు నాలుగైదేండ్లు మగ్గనిచ్చెడివారు. సూక్ష్మజీవుల ప్రభావముచే ఆ మట్టిలో ఏర్పడిన లవణమును నీటితో వడగట్టి, బూడిదతో కలిపి, కాచి, పేరనిచ్చినచో తుపాకిమందునకు ముఖ్యద్రవ్యమగు సురేకారము లభించును. గోకయామ సురేకారమును కాగా ప్రభువులు తామే కొనుచుండిరి. శత్రువుల కంటబడని దుర్గమసీమ యగుట ఈ పనికి అనుకూలించినది. పట్టుపురుగు పైయంతస్తున నూలు నిచ్చి, దాని పెంట నేలక్రింద సురేకారమునకు ఆకరమగుట ఆ రైతుల మితవ్యయబుద్ధికి నిదర్శనము. 19వ శతాబ్ది చివర చిలీదేశపు చౌకసరకు దిగుమతికాగా ఈ పరిశ్రమ అంతరించినది. పట్టుపరిశ్రమ మాత్రము 20వ శతాబ్ది నడిమివఱకు ఇంటిని నిలబెట్టినది.

ప్రసిద్ధ గృహములు

ఓగిమాచిలోని గష్షో గృహములలోకెల్ల పెద్దది వాదా వంశీయులది. ఎడోయుగమున ఈ వంశము గ్రామాధికారమును, సరిహద్దు కావలి ఉద్యోగమును వహించి, సురేకార వ్యాపారముచే సంపన్నమైనది. పాలకవర్గపు అధికారులు వచ్చినపుడు వాడుటకై ప్రత్యేకద్వారము, విశాలమైన అతిథిశాలలు, పూజామందిరము ఉండుటచే, ఇది రైతుగృహమయ్యును కచేరి హుందాతనము కలిగియున్నది. 1995లో దీనిని ప్రభుత్వము ముఖ్యసాంస్కృతికసంపదగా ప్రకటించినది. వంశీయులు నేటికిని అందే నివసించుచు, కొంతభాగమును, అటకలను సందర్శకులకు తెఱచియుంచిరి. మనుష్యులు కాపురముండని ఇల్లు ఎంత మరమ్మతుచేసినను నిలువదను నానుడికి ఈ యేర్పాటు సమాధానముగా నున్నది.

లోయ ఎగువన మిబోరోలోని తోయామా వంశపు గృహము 1827 ప్రాంతమున కట్టబడినది. పైన చెప్పిన సమష్టికుటుంబ పద్ధతికి ఇది ప్రఖ్యాతనిదర్శనము. 1971లో ముఖ్యసాంస్కృతికసంపద యైనది. గోకయామలోని మురకామి, హబా, ఇవాసే గృహములకు ఈ గౌరవము అంతకుమునుపే, 1958లో లభించినది. వీనిలో ఇవాసే గృహము సురేకార సేకరణాధికారి నివాసము. ఓగిమాచిలోని నగాసే గృహము 1890లో నిర్మితమై, ఐదంతస్తులు కలిగి, గష్షో నిర్మాణపు చివరిదశకు ఉదాహరణమగుచున్నది.

యుయి: ఉమ్మడిశ్రమ

కప్పునేతకు నూఱు మొదలు ఇన్నూఱుమంది వఱకు కావలెను. పని ఒకటి రెండు దినములలో ముగియవలెను, ఏలయన ఊడదీసిన యింటిమీద వాన కురిసినచో చట్రమునకే చేటు. ఇంత కూలి ఏ రైతునకును భరింపరానిది. మన పల్లెలలో నాట్లకును కోతలకును ఒకరి పొలమునకొకరు బదులుకు పోవునట్లే, ఇచట యుయి యను కట్టుబాటు ఏర్పడినది. ఒక యింటినేతకు ఏ కుటుంబము ఎన్ని కట్టల గడ్డి, ఎన్ని చుట్టల త్రాడు, ఎందఱి శ్రమ యిచ్చెనో గృహస్థు చిట్టాలో వ్రాసి భద్రపఱచుకొనును. వారి యిల్లు నేయునాడు అంతకంత తిరిగి చెల్లింపవలెను. ముప్పది నలువది యేండ్ల పిదప చెల్లు ఋణములగుటచే, తండ్రి తీసికొన్నది కుమారుడు తీర్చును. యువకులు కప్పెక్కుదురు, వృద్ధులు వరుసలు సరిచూతురు, స్త్రీలు గడ్డి అందించి, అందఱకు అన్నపానములు సమకూర్తురు. సాయంకాలము విందుతో పని సమాప్తమగును.

2001లో నగాసే గృహపు కప్పును సుమారు ఎనుబదియేండ్లకు పెద్దయెత్తున మరల నేసినపుడు, ఈ యుయి పద్ధతిని పునరుద్ధరించి, ఇంచుమించు ఐదువందలమంది కలిసి పనిచేసిరి. ఆ దృశ్యము దేశమంతట ప్రచారమునొంది, ఉమ్మడిశ్రమ మీద ఆసక్తిని రేకెత్తించినది.

క్షీణదశ

1924 ప్రాంతమున షిరకావా గ్రామములో సుమారు 300 గష్షో గృహములుండెను. పట్టుధర పడిపోవుట, యువజనము నగరములకు తరలుట, రేకులు పెంకులు చౌకగా లభించుట, విద్యుత్తుకై షో నదికి కట్టలు వేయుట వీని నాశమునకు కారణములైనవి. 131 మీటర్ల ఎత్తుగల మిబోరో జలాశయపు కట్ట 1961లో పూర్తికాగా ఎగువలోయలోని పల్లెలు మునిగిపోయినవి. ముంపుటిండ్లు కొన్ని శిథిలములైనవి; కొన్ని విప్పబడి దూరనగరములకు అమ్ముడుపోయి భోజనశాలలు, విశ్రాంతిగృహములు అయినవి. ముంపుసీమలోని యనోహరా గృహము 1960లో యోకోహామాలోని సాంకేయెన్ ఉద్యానమునకు తరలి, అచట ముఖ్యసాంస్కృతికసంపదగా నేటికిని నిలిచియున్నది. 1967లో కజురా పల్లె ప్రజలందఱును ఊరు విడిచిపోగా, అచటి యిండ్లు కొన్ని ఓగిమాచి కెదురుగా, నదికావలియొడ్డున ప్రదర్శనశాలగా నిలుపబడినవి.

పల్లెయింటిని విప్పి తెచ్చి ఆరుబయట ప్రదర్శించు పద్ధతికి 1891లో స్టాక్‌హోమ్ నగరమున వెలసిన స్కాన్సెన్ ప్రథమోదాహరణము. అది కట్టడమును రక్షించును. అయితే పొలము, కాలువ, బీడు, పొరుగువాడు దానితో తరలిరారు. ఓగిమాచివారు ఇండ్లను ఉన్నచోటనే, కాపురములతో సహా నిలుపుకొనవలెనని నిశ్చయించుకొన్నది ఈ భేదమును ఎఱిగియే.

చట్టము, గ్రామనియమము

జపానులో సాంస్కృతికరక్షణము దేవాలయములతో ఆరంభమైనది. 1897 శాసనము ప్రాచీనమందిరములకు మాత్రమే వర్తించెను. 1929 శాసనముచే దాని పరిధి విస్తరింపగా, 1937లో ఒసాకా ప్రాంతమందలి యోషిమురా గృహము, రైతుగృహములలో మొదటిదిగా, జాతీయసంపదల పట్టిక కెక్కెను. 1949 జనవరి 26న హోర్యూజి విహారపు స్వర్ణమందిరము అగ్నికి ఆహుతియై కుడ్యచిత్రములు నశింపగా, దేశము కలతచెంది, 1950లో సాంస్కృతికసంపదల రక్షణశాసనమును చేసికొన్నది. 1958నాటి గోకయామ ప్రకటనలు దీని ననుసరించినవే. అయినను ఇవన్నియు ఒక్కొక్క ఇంటిని ఏరి రక్షించు విధానములు. ఐనోకురా, సుగనుమా పల్లెలను 1970లో జాతీయచారిత్రకస్థలములుగా ప్రకటించుట ఊరంతటిని లెక్కకు తెచ్చిన మొదటియడుగు.

ఓగిమాచిలో చట్టము కంటె ముందు గ్రామస్థులే మేల్కొనిరి. 1971లో వారు ఊరి ప్రకృతిపరిసరముల రక్షణకై సంఘమును స్థాపించుకొని, అమ్మరాదు, అద్దెకీయరాదు, పడగొట్టరాదు అను మూడు నియమములను ఏకగ్రీవముగా అంగీకరించిరి. ఇల్లు, పొలము, అడవి మూడింటికిని ఇవి వర్తించును. నిర్మాణములో ఏ మార్పు చేయదలచినను మొదట ఈ సంఘమునకు విన్నవించుకొనవలెను.

1975లో శాసనము సవరింపబడి, సంప్రదాయభవనముల సముదాయములను రక్షితమండలములుగా ఎన్నుకొను విధానము ప్రవేశపెట్టబడినది. దీని ప్రకారము మండలపు హద్దులను, నియమములను స్థానికపాలకసంస్థ నిర్ణయించును. కేంద్రప్రభుత్వము వానిలో శ్రేష్ఠమైనవానిని గుర్తించి ధనసహాయము చేయును. 1976లో ఓగిమాచి ఇట్లు ఎన్నికయైనది. ఐనోకురా, సుగనుమా 1994లో చేరినవి. వెలుపలి రూపమును మార్చుటకు అనుమతి కావలెను. లోపల నివాససౌకర్యములు కల్పించుకొనుటకు గృహస్థునకు చాలవఱకు స్వేచ్ఛ కలదు. పొలములు, కాలువలు, రాతికట్టలు, వృక్షములు కూడ రక్షితవస్తువులుగా లెక్కింపబడుట ఈ విధానపు గొప్పతనము. కప్పునేత వ్యయములో పెద్దభాగమును ప్రభుత్వములు భరించును.

1994 నవంబరులో నారా నగరమున సమావేశమైన నిపుణులు, కట్టడపు ప్రామాణికతను దాని పదార్థమునుబట్టియే గాక, ఆకృతి, ప్రయోజనము, సంప్రదాయము, పనితనము అనువానిని బట్టియు నిర్ణయింపవలెనని తీర్మానించిరి. మఱుసటియేడే ఓగిమాచిలోని 59, ఐనోకురాలోని 20, సుగనుమాలోని 9 గష్షో గృహములతో కూడిన మూడుపల్లెలు ప్రపంచవారసత్వముగా గుర్తింపబడినవి. 1997లో షిరకావాలో సంరక్షణనిధి స్థాపింపబడి, సందర్శకుల వాహనములు నిలుపు స్థలముల ఆదాయమును మరమ్మతులకు మరలించుచున్నది. తుదకు 2020లో, కొయ్యకట్టడముల సంరక్షణకు చెందిన జపాను విద్యలను యునెస్కో అమూర్తవారసత్వముగా స్వీకరించినపుడు, గడ్డికప్పు నేత, గడ్డిసేకరణము సైతము వానిలో చేరినవి. ఒక్క ఇంటినుండి ఊరికి, ఊరినుండి పనితనమునకు చట్టపుదృష్టి విస్తరించుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది.

అగ్నిభయము

గడ్డియూరికి నిప్పును మించిన శత్రువు లేదు. గ్రామస్థులు వంతులవారీగా దినదినము వీథులు తిరుగుచు నిప్పుజాగ్రత్తను చాటుచుందురు. ఆరుబయట పొగత్రాగుట, బాణసంచా కాల్చుట నిషిద్ధములు. ఓగిమాచికి ఎగువన కొండమీద నిర్మించిన పెద్దతొట్టినుండి నీరు, యంత్రసహాయము లేకయే, వాలుచేత దిగి, ఊరంతట అమర్చిన 59 జలనాళములకు చేరును. శరత్కాలాంతమున ఏటేట జరుగు పరీక్షలో అన్నిటిని ఒక్కమాఱుగా విప్పగా నీటిధారలు కప్పులకు మించి ఎగయును. 2019 నవంబరులో ఊరిబయటి వాహనస్థలము దగ్గఱి గడ్డికప్పు కొట్టములు తగులబడినపుడు ఈ నాళములను విప్పి, చుట్టుపట్లనున్న యిండ్లకు మంటలు వ్యాపింపకుండ అడ్డుకొనిరి.

నేటి స్థితి

2008లో తోకాయ్-హొకురికు రహదారి పూర్తియైన పిదప రాకపోకలు సులభమై, సుమారు 1,600 జనాభాగల షిరకావాకు ఏటికి పదునైదులక్షలకు పైబడి సందర్శకులు వచ్చుట పరిపాటియైనది. వారివలన ఇండ్లు సత్రములై, అంగళ్లై ఆదాయము తెచ్చుచున్నవి. వారివలననే కొన్ని పొలములు పాడుపడి, ఇంటి ముంగిళ్లు సంతవీథులైనవి. పగటివేళ పర్యాటకుల కార్లు ఊరినడుమకు రాకుండ నిలుపుట, శీతకాలపు దీపోత్సవములకు ముందుగా స్థలము నమోదు చేసికొనునట్లు చేయుట మొదలగు కట్టడులు ఈ యొత్తిడిని తగ్గించుటకు ఏర్పడినవే.

ఇంతకంటె గంభీరమైన చిక్కు కప్పులోపలనే యున్నది. పొయ్యి ఆరి, విద్యుత్తు వచ్చిన యిండ్లలో పొగ సోకని గడ్డి ముప్పది నలువది యేండ్లకే శిథిలమగుచున్నది. బీడులు తగ్గుటచే గడ్డిని కొంత దూరప్రాంతములనుండి తెప్పింపవలసివచ్చుచున్నది. యుయి నేడు అపుడపుడు జరుగు ఉత్సవము వంటిదై, చాలవఱకు నేతపని అటవీసహకారసంఘములకు చెందిన పనివాండ్రచే సాగుచున్నది. అయినను విద్య నిలిచియే యున్నది. దానికి కారణము ఇండ్ల సంఖ్యయే. కప్పు ముప్పదియేండ్లు మన్నునని తలచినను, ఒంటరిగా రక్షింపబడిన ఇంటివలన ఒక పనివాడు తన జీవితకాలములో ఒకటి రెండుసార్లకంటె నేతపని చూడజాలడు, పిల్లవానికి నేర్పనేజాలడు. 59 ఇండ్లుగల ఊరిలో ఏటేట ఇంచుమించు రెండింటికి నేత తప్పదు. సూది పట్టుటకు, లోపలినుండి త్రాడు చుట్టుటకు, వరుస సరిచూచుటకు ప్రతియేటను శిష్యునకు అవకాశము కలుగును. వాదా గృహము వంటి ఉత్తమభవనము నిలువవలెనన్నను దాని చుట్టునున్న సామాన్యగృహములు నిలిచితీరవలెను, ఏలయన దాని కప్పును నేయువాడు ఆ సామాన్యగృహముల మీదనే పని నేర్చుకొనుచున్నాడు.